చవక మెషిన్ వచ్చేదాకా ఆగాలా?



రొమ్ము పరీక్షల శిబిరం పెడదామని మేము అడిగితే వచ్చిన జవాబు: "చవక మెషిన్ ఏదో వస్తోందట, అప్పుడు చూద్దాం." వాట్సాప్‌లో తిరిగే వార్త పట్టుకుని అన్న మాట ఇది.

వార్త అబద్ధం కాదు. 2018లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ళు పాలిమర్‌తో అల్ట్రాసౌండ్ ప్రోబ్ చేసి చూపించారు. మామూలు ప్రోబులో ఖరీదైన స్ఫటికాలుంటాయి. వీళ్ళు వాటి బదులు పాలిమర్ రెసిన్‌తో కంటికి ఆననంత చిన్న డప్పుల్లాంటివి చేశారు. అవి అదిరి ధ్వని తరంగాలు పంపుతాయి, తిరిగొచ్చినవి పట్టుకుంటాయి. 100 డాలర్లకే చేయవచ్చన్నారు. మన పక్కనే త్రిస్సూరులో సి-మెట్ శాస్త్రవేత్త ఎ. సీమ బృందం ఒంటి వేడిలో తేడాలు పట్టే, తొడుక్కునే పరికరం చేసింది. ఆమెకు 2018 నారీశక్తి పురస్కారం కూడా వచ్చింది. ఇవన్నీ రావాలి. చిన్న వయసువాళ్ళ రొమ్ము కణజాలం దట్టంగా ఉండి మామోగ్రామ్‌లో గడ్డ మరుగున పడుతుంది, వాళ్ళకు మరీ అవసరం.

కానీ రేపటి పరికరం పేరు చెప్పి ఇవాళ చేయగలిగింది ఆపడం ఏం న్యాయం? ముంబైలో టాటా మెమోరియల్ వాళ్ళు 1998లో మొదలుపెట్టి, లక్షన్నర మంది ఆడవాళ్ళను రెండు గుంపులు చేసి, 20 ఏళ్ళు గమనించారు. ఒక గుంపుకు శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో పరీక్ష చేశారు. మెషిన్ లేదు. 50 దాటినవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. 50 లోపు వాళ్ళలో అలా తగ్గలేదు, అదీ చెప్పాలి. 30 నుంచి 65 ఏళ్ళ స్త్రీలకు ఐదేళ్ళకోసారి ఈ చేతి పరీక్ష చేయాలని కేంద్రం 2016లోనే చెప్పింది.

అసలు అడ్డు వేరే ఉంది. గడ్డ తగిలిందని అత్తకు, మొగుడికి చెప్పలేక, అగ్గిపెట్టెల కంపెనీ పనికి పోతూ నెలలు గడిపే ఆడవాళ్ళు మన వీధుల్లోనే ఉన్నారు. ఆసుపత్రికి పోతే ఆ రోజు కూలి పోతుంది. తోడు ఎవరు వస్తారు? 100 డాలర్ల ప్రోబ్ వీటికేం చేస్తుంది?

మండపానికి రంగులు వేయించడానికి డబ్బు దొరికింది, సంతోషమే. ఉగాదిలోపు ఒక ఆదివారం ఆ మండపం మాకివ్వండి, లోపలికి మగవాళ్ళు రాకూడదు. శిక్షణ ఉన్న నర్సమ్మలను మేము పిలుచుకొస్తాం. గడ్డ ఉన్నట్టు తేలినవాళ్ళకు తూత్తుకుడికో విరుదునగర్‌కో పెద్దాసుపత్రికి బస్సు చార్జీ, ఆ రోజు కూలి సంఘం నిధి నుంచి ఇవ్వాలి. కార్యదర్శిగారు తేదీ చెప్పాలి.