నడవని రోజు

కశ్మీర్‌లో సోనామార్గ్ దగ్గర ఎక్కి, సరస్సుల వెంట నడిచి, నారానాగ్‌లో దిగే కొండబాట ఒకటుంది. దారి తెరిచి ఉన్న ఏడాదుల్లో జులై నుంచి సెప్టెంబరు దాకా ఆ బాట మీద తెలుగు మాటలూ వినిపిస్తుంటాయి. వారం పైచిలుకు సాగే ఆ యాత్రలో చాలా బృందాలు విషన్‌సర్ సరస్సు ఒడ్డున ఒక రోజంతా ఆగిపోతాయి. ముందురోజు నాలుగు వేల మీటర్లు దాటిన నిచ్నై కనుమ మీదుగా దిగివస్తారు. మర్నాడు అంతకంటే ఎత్తైన గడ్సర్ కనుమ ఎక్కాలి. మధ్యలో ఈ ఒక్కరోజు గుడారాలు పీకరు, మూటలు కట్టరు.

సెలవులు లెక్కపెట్టుకుని వెళ్లే ఉద్యోగులకు ముందుగా కళ్లబడేది ఆ రోజే. అది తీసేస్తే ఒక సెలవు మిగులుతుంది, ఖర్చూ తగ్గుతుంది. కాళ్లు బాగానే ఉన్నాయి, ఇంకా ఆగడం ఎందుకనీ అనిపిస్తుంది. కానీ ఆ రోజు కాళ్ల కోసం పెట్టింది కాదు, ఊపిరి కోసం పెట్టింది. హైదరాబాద్ సముద్రమట్టానికి అయిదు వందల మీటర్ల పైన ఉంటే, విషన్‌సర్ మూడున్నర వేల మీటర్ల పైన ఉంది. గాలిలో ప్రాణవాయువు పాలు అక్కడా ఇక్కడా ఒకటే. పీడనం తగ్గిపోవడంతో ఒక్కో శ్వాసలో లోపలికి చేరేది మాత్రం సముద్రతీరంలో చేరేదాంట్లో మూడింట రెండు వంతులే. ఆ లోటు పూడ్చుకోవడానికి శరీరం ఊపిరి వేగం పెంచుతుంది. దానివల్ల రక్తంలో వచ్చే మార్పును మూత్రపిండాలు మెల్లగా సరిచేస్తాయి. అందుకే అక్కడ పదేపదే మూత్రానికి లేవాల్సి వస్తుంది. బెదరనక్కర్లేదు, లోపల పని జరుగుతోందన్నమాట. ఈ పనికి రోజులు పడుతుంది. ఎంత దృఢకాయుడైనా తొందరపెట్టలేడు.

ఈ పాఠం మన దేశం ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకుంది. 1962 చైనా యుద్ధంలో మైదానాల జవాన్లను ఉన్నపళంగా మంచుకొండలకు తరలించాల్సి వచ్చింది. శత్రువు తూటా తగలకుండానే, ఒక్క ఎత్తు వల్లే మంచానపడ్డవాళ్లు ఎందరో. 1,925 మంది సైనికులను పరిశీలించి భారత వైద్యులు రాసిన పత్రం 1969లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. కొండజబ్బు గురించి ప్రపంచం చదివిన ముఖ్యమైన రచనల్లో అదొకటి. ఇవాళ మన సైన్యం తొమ్మిది వేల అడుగులు దాటిన చోటికి పంపే జవానుకు ముందు ఆరు రోజులు అలవాటు పడే గడువిస్తుంది. అందులో మొదటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి. దేశాన్ని కాచేవాడికే అంత వ్యవధి ఇస్తుంటే, సరదాగా వెళ్లినవాళ్లకు ఒక్కరోజు బరువా?

ఆ రోజంతా పడుకోమని ఎవరూ అనరు. కాస్త పైనున్న కిషన్‌సర్ దాకా మెల్లగా నడిచి వచ్చి, రాత్రికి మళ్లీ కింది శిబిరంలోనే నిద్రపోవడం మంచిది. తడిసిన మేజోళ్లు బండల మీద ఎండుతుంటాయి. కిషన్‌గంగ పుట్టే చోటు అది, నీటి పక్కన ఎంతసేపైనా కూర్చోవచ్చు. ఎదుటి వాలు మీద బకర్వాల్‌ల గొర్రెలు మేస్తుంటాయి. జమ్మూ వైపు నుంచి వారాల తరబడి, మజిలీ మజిలీకీ ఆగుతూ వాటిని తోలుకొచ్చినవాళ్లకు కొండ దగ్గర ఎంత తీరిగ్గా ఉండాలో తెలుసు. చేతిగడియారంలో అడుగులు లెక్కపెట్టుకునే మనకు ఒక పూట ఊరికే కూర్చోవడం కష్టమే. అయినా కూర్చోవాలి. నడిచేటప్పుడు ముందువాడి మడమలే కనిపిస్తాయి, కొండ కనిపించేది ఆగినప్పుడే.

వంటవాళ్లకు మాత్రం అది సెలవు కాదు. మనం తీరుబడిగా ఉన్నామంటే వాళ్లకు టీలు ఎక్కువ, గిన్నెలు ఎక్కువ. గుర్రాలకైనా వీపు మీద బరువు తప్పుతుంది, వాళ్లకు అదీ లేదు. ఆ పూట కూరగాయలు తరగడానికి నాలుగు చేతులు సాయం వెళ్తే బాగుంటుంది.

2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కినప్పుడు శిఖరం మీది ఫొటో అందరం చూశాం. ఆ ఫొటో వెనుక శిబిరాల్లో ఎక్కుతూ దిగుతూ, ఒంటికి ఎత్తును అలవాటు చేస్తూ గడిపిన రోజులున్నాయి. ఎవరూ ఫొటో తీసి పంచుకోని ఆ రోజులు కూడా పర్వతారోహణే.

వెళ్లేవాళ్లకు మా విన్నపం ఒకటే. విశ్రాంతి రోజు కోసేసి చౌకగా తిప్పుతామన్న యాత్రను ఎంచుకోకండి. తలనొప్పి, వికారం ఉంటే జట్టు ముందు చిన్నతనమని దాచకండి. విషన్‌సర్ నుంచి సోనామార్గ్‌కు తిరిగి రావాలన్నా నిచ్నై కనుమ మళ్లీ ఎక్కాల్సిందే. కాబట్టి ఆ సంగతి గైడుకు చెప్పాల్సింది గడ్సర్ వాలు మీద కాదు, ఆగిన రోజునే.