ముందు ఎర్త్ వైరు సంగతి చూడండి
పాత కారు స్టీరియోలో పాట వెనక సన్నటి ఈల వినబడగానే సెట్టు మార్చమనో, నాయిస్ ఫిల్టర్ పెట్టించమనో సలహా వస్తుంది. తలగడ మారిస్తే తలనొప్పి పోతుందా? ఆ కూత ఎక్కడ పుడుతోందో అదే చెబుతుంది, కాస్త చెవి పెట్టాలంతే. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఈల సన్నబడి పైకి పోతుంటే దాని మూలం ఆల్టర్నేటర్. ఈల కాకుండా టిక్కుటిక్కుమంటూ ఇంజన్‌తో పాటే జోరందుకుంటే స్పార్క్ ప్లగ్గులు, వాటి వైర్లు చూడాలి. ఫోన్ ఛార్జర్ పీకగానే నిశ్శబ్దమైతే మరీ మంచిది, పైసా ఖర్చు లేదు. నన్నడిగితే అన్నిటికంటే ముందు చూడాల్సింది ఎర్త్. సెట్టుదీ ఆంప్లిఫయర్‌దీ ఎర్త్ వేర్వేరు చోట్ల బిగించి, ఒకచోట బోల్టు కింద తుప్పో పెయింటో ఉంటే, రెండింటి మధ్య వచ్చే చిన్న వోల్టేజ్ తేడానే స్పీకర్లో కూతవుతుంది. గరుకు కాగితంతో రుద్ది, రెండూ ఒకేచోట బిగిస్తే చాలాసార్లు అక్కడితో సరి. అప్పటికీ ఆగకపోతే, ఇంజన్ నడుస్తుండగా మల్టీమీటర్‌ను ఏసీలో పెట్టి బ్యాటరీ మీద చూడండి. అర వోల్టు దాటిందంటే ఆల్టర్నేటర్లో డయోడ్ పోయిందని అనుమానించాలి. అలాంటప్పుడు ఫిల్టర్ పెడితే ఈల తగ్గొచ్చేమో గానీ, బ్యాటరీ సరిగా ఛార్జి కాకుండా ఏదో రోజు రోడ్డు మీద నిలబెడుతుంది.