‘తప్పెవరిది’ రాసిన జడ్జి గారు

పోయిన నెల ఆధునిక నాటకం క్లాసులో మేడమ్ బోర్డు మీద ఒక పేరు రాశారు. పి.వి. రాజమన్నార్, నాటకం ‘తప్పెవరిది’. ఇబ్సెన్ ప్రభావంతో తెలుగులో సాంఘిక నాటకం రాసిన తొలి వాళ్ళలో ఆయన ఒకరనీ, బళ్ళారి రాఘవ గారు ఆ నాటకం ఆడారనీ చెప్పారు. రెండు మార్కుల ప్రశ్నకి పనికొస్తుందని నోట్సులో పక్కన స్టార్ పెట్టుకున్నాను. అంతే.

ఆ సాయంత్రం ఇంట్లో నోట్సు తిరగేస్తుంటే మామ చూశాడు. మా ఇంట్లో నాన్న వైపు తెలుగు, అమ్మ వైపు తమిళం. మామకి తెలుగు అర్థమవుతుంది గాని జవాబు తమిళంలోనే వస్తుంది. “రాజమన్నార్ కమిటీ రాజమన్నారేనా? ఆయన పేరు మీ తెలుగు నోట్సులో ఎందుకుంది?” అన్నాడు. ఆయన తెలుగువాడు మామా అంటే నమ్మలేదు. ఆయన హైకోర్టు చీఫ్ జస్టిస్ అని మామ అంటే నేనూ నమ్మలేదు. ఇద్దరం ఒకే మనిషి గురించి మాట్లాడుకుంటున్నామని తేలేసరికి అమ్మ అన్నం వడ్డించేసింది.

ఆ తర్వాత లైబ్రరీలో కూర్చుని వెతికాను. పాకాల వెంకట రాజమన్నార్ 1901లో పుట్టారు. వాళ్ళ నాన్నగారూ జడ్జీయే. లాయరుగా మొదలుపెట్టి, అడ్వకేట్ జనరల్ అయి, 1945లో మద్రాసు హైకోర్టు జడ్జి అయ్యారు. 1948లో చీఫ్ జస్టిస్. ఆ కుర్చీలో శాశ్వతంగా కూర్చున్న మొదటి భారతీయుడు ఆయనే. 1961 దాకా, అంటే పదమూడేళ్ళు అందులోనే ఉన్నారు. మధ్యలో 1953లో ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ పెడితే దానికి మొదటి అధ్యక్షుడు కూడా ఆయనే. పొద్దున తీర్పులు ఇంగ్లీషులో, మనసులో నాటకం తెలుగులో.

ఇక్కడితో ఆపేస్తే ఇది మామూలు ‘మన తెలుగు వెలుగులు’ వ్యాసం అయిపోతుంది. నాకు ఆయన మీద గౌరవం ఉంది. కానీ ఆయన తీర్పు ఒకటి చదివాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అది 1950 నాటి చంపకం దొరైరాజన్ కేసు. అప్పుడు మద్రాసు రాష్ట్రంలో మెడికల్, ఇంజనీరింగ్ సీట్లు కమ్యూనల్ జీ.ఓ. ప్రకారం పంచేవారు. ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకి 6, వెనుకబడిన హిందువులకి 2, బ్రాహ్మణులకి 2, హరిజనులకి 2, ఆంగ్లో ఇండియన్లకీ క్రైస్తవులకీ కలిపి 1, ముస్లిములకి 1. చంపకం బ్రాహ్మణ మహిళ. మెడికల్ కాలేజీలో తనకి సీటు రాదని తెలిసి దరఖాస్తు కూడా పెట్టకుండా నేరుగా కోర్టుకి వెళ్ళింది. రాజమన్నార్, విశ్వనాథ శాస్త్రి, సోమసుందరం అనే ముగ్గురు జడ్జీలు విన్నారు. కులం కారణంగా ప్రభుత్వ కాలేజీలో ఎవరికీ ప్రవేశం కాదనకూడదని రాజ్యాంగం చెబుతోంది కాబట్టి జీ.ఓ. చెల్లదన్నారు. 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా అదే మాట అంది.

నేను ఈ కాలేజీలో చేరింది బీసీ కోటాలో. ఈ సంగతి దాచుకోవాల్సిన పని నాకు లేదు. మా తాతయ్య నెల్లూరు వైపు నుంచి కూలిపని వెతుక్కుంటూ ఎన్నూరు వచ్చాడు. సంతకం పెట్టడం రాదు, వేలిముద్రే. మా ఇంట్లో కాలేజీ గేటు దాటిన మొదటి ఆడపిల్లని నేనే. ఆ తీర్పు అలాగే నిలిచిపోయి ఉంటే నా సంగతేంటి? ఆ ముగ్గురి ముందుకి వచ్చిన పిటిషన్ చంపకానిది. పిటిషన్ అంటే ఏంటో తెలియని, లాయరు ఫీజు కట్టలేని ఇళ్ళ పిల్లలు ఆ కోర్టు హాల్లో లేరు. వాళ్ళ తరఫున ప్రభుత్వం వాదించింది, ఓడిపోయింది.

అయితే తప్పెవరిది? జడ్జీలదే అనెయ్యాలని మొదట అనిపించింది. రెండోసారి చదివితే అంత తేలిగ్గా అనలేకపోయాను. రాజ్యాంగం అమల్లోకి వచ్చి అప్పటికి ఆరు నెలలు. ఉద్యోగాల్లో వెనుకబడిన వాళ్ళకి రిజర్వేషన్ ఇవ్వొచ్చని అందులో స్పష్టంగా ఉంది. కాలేజీ సీట్ల దగ్గర ఆ మాట లేదు. లేని మాటని జడ్జి చేర్చి చదవాలా? చేర్చకపోవడం ఆయన పని అయితే, చేర్పించడం జనం పని. మద్రాసులో జనం రోడ్డెక్కారు, పెరియార్ ముందున్నారు. 1951 జూన్‌లో పార్లమెంటు మొదటి సవరణ తెచ్చి 15(4) చేర్చింది. నా సీటు వెనక ఉన్నది ఆ నాలుగో క్లాజే.

ఆయన చట్టాన్ని నిజాయితీగానే చదివారని ఒప్పుకుంటాను. కానీ చట్టంలో ఆ మాట లేకపోతే నష్టం ఎవరికో తీర్పులో ఇంకా గట్టిగా చెప్పి ఉండాల్సిందని కూడా అంటాను. ఆడ పాత్రల మనసు పట్టించుకున్న నాటకకర్త నుంచి అంత ఆశించడం అత్యాశేం కాదు.

అదే ఏడు ఇంకో తీర్పు ఉంది. ప్రభుత్వం ఒక సంఘాన్ని చట్టవిరుద్ధం అని ప్రకటించేసింది. దాని కార్యదర్శి వి.జి. రో కోర్టుకెళ్ళారు. సంఘం పెట్టుకునే హక్కుని ప్రభుత్వం తన ఇష్టం మీద తీసెయ్యలేదని రాజమన్నార్ ఉన్న బెంచే చెప్పింది. 1952లో సుప్రీంకోర్టు దాన్నీ నిలబెట్టింది. అంటే ఒకే ఏట ఒకే మనిషి, నాకు నచ్చని తీర్పూ ఇచ్చారు, నేను చప్పట్లు కొట్టే తీర్పూ ఇచ్చారు. రెండుసార్లూ ఓడింది ప్రభుత్వమే.

ఇక మామ చెప్పిన కమిటీ. 1969లో కరుణానిధి ప్రభుత్వం కేంద్రానికీ రాష్ట్రాలకీ మధ్య అధికారాలు ఎలా ఉండాలో చెప్పమని ముగ్గుర్ని అడిగింది. అధ్యక్షుడు రాజమన్నార్. మిగతా ఇద్దరు లక్ష్మణస్వామి మొదలియార్, పి. చంద్రారెడ్డి. చంద్రారెడ్డి గారూ తెలుగువారే, ఆయనా మాజీ చీఫ్ జస్టిసే! తమిళనాడు హక్కుల గురించి ఇప్పటికీ ఎత్తి చూపే ఆ 1971 రిపోర్టు రాసిన ముగ్గురిలో ఇద్దరు తెలుగువాళ్ళన్నమాట. ఈ మాట చెప్తే మామ చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత “సరే, మన ఆళు” అన్నాడు. మనవాడు అని.

నాకు బాధ కలిగించేది ఇదే. లా చదివే వాళ్ళకి ఆయన ఒక కేసు. రాజకీయం మాట్లాడే వాళ్ళకి ఒక కమిటీ. మనకి రెండు మార్కుల ప్రశ్న. ముక్కలు ముక్కలుగా అందరి దగ్గరా ఉన్నాడు, మొత్తం మనిషి ఎవరి దగ్గరా లేడు. తెలుగు బీఏ చదివి ఏం చేస్తావని మనల్ని అడిగే బంధువులకి నేను రాజమన్నార్ పేరు చెప్పి గొప్పలు పోను. తెలుగు చదువుకున్న పిల్ల హైకోర్టు తీర్పు చదవగలదు, నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో రాయగలదు అని చెప్తాను.

ఎన్నూరులో లోకల్ ఎక్కి బీచ్ స్టేషన్‌లో దిగితే ఆయన పదమూడేళ్ళు కూర్చున్న ఎర్ర బిల్డింగు నడిచి వెళ్ళేంత దూరం. మన డిపార్ట్‌మెంట్ నుంచి ఒకసారి అందరం వెళ్ళొద్దాం మేడమ్. వెళ్ళే ముందు ‘తప్పెవరిది’ క్లాసులో పాత్రలు పంచుకుని చదువుదాం. నేను ఆ తీర్పు గురించి అన్నది తప్పనిపిస్తే ఈ కాగితం కింద జాగా వదిలాను. పెన్సిల్‌తో కాదు, పెన్నుతో రాయండి.