పరిహారమిచ్చి ఫైలు మూస్తే సరిపోతుందా?

2018 ఆగస్టు 3న కర్నూలు జిల్లా హత్తిబెళగల్ క్వారీలో పేలుడు. కనీసం పదిమంది చనిపోయారు. పొట్ట చేతబట్టుకుని ఒడిశా నుంచి వచ్చినవాళ్లూ వారిలో ఉన్నారు. మూడేళ్లు తిరక్కముందే, 2021 మే 8న కడప జిల్లా మామిళ్లపల్లె ముగ్గురాయి గని దగ్గర మందుగుండు దించుతుంటే పేలింది. మళ్లీ పదిమంది. నాయకులొచ్చారు, పరిహారం ప్రకటించారు, విచారణ అన్నారు.

ప్రాణం పోయిన చోటికి ఇన్‌స్పెక్టరు వచ్చేదాకా దేన్నీ కదిలించరాదని, రెండు నెలల్లో విచారణ జరపాలని అప్పుడు అమల్లో ఉన్న 1952 గనుల చట్టం చెప్పింది. 2025 నవంబరులో దాని స్థానంలో కొత్త కోడ్ వచ్చింది. సరే, విచారణలో తేలింది పక్క క్వారీ కూలీకి చెప్పేదెవరు?

తప్పు చనిపోయినవాడిదే అని రాసేయడం సులువు. చచ్చినోడు సాక్ష్యానికి రాడు కదా! మందు ఏ లైసెన్సు మీద వచ్చింది? దించమన్నదెవరు? బ్లాస్టర్ సర్టిఫికెట్ ఉన్నవాడు అక్కడున్నాడా? లీజు ఒకరిదైతే పని చేయించేది ఇంకొకరా? అడగాల్సింది ఇవి.

మొన్న పెనుకొండ దగ్గర ఒక క్వారీలో కూలీలను అడిగాను, మామిళ్లపల్లె సంగతి తెలుసా అని. ఒక్కరికీ తెలియదు. "సైరన్ కొడితే చెట్టు చాటుకు పోతాం సారూ" అన్నాడో పెద్దాయన. షెల్టరంటే ఆ చెట్టే!

ప్రతి ప్రమాద నివేదికా తెలుగులో, అవసరమైతే ఒడియాలో, క్వారీ గేటు దగ్గర కట్టాలి. ముందు ఆ రెండూ తెలుగులో ఇవ్వండి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం క్వారీల్లో చదివి వినిపించే పని మేం చేస్తాం.