స్లైడు పాడైతే ఏఐ ఏం చేస్తుంది?

‘డీఎంఎల్‌టీ చేద్దామనుకుంటున్నా అన్నా, ఏఐ వచ్చి ఆ ఉద్యోగాలు తినేస్తుందా?’ గజపతినగరం వైపు తమ్ముళ్లు, చెల్లెళ్లు అడుగుతున్న ప్రశ్న ఇది. కోడింగ్ చదివినవాడిగా సూటిగా చెబుతా. కణాలను గుర్తించే సాఫ్ట్‌వేర్ వస్తున్న మాట నిజమే. కానీ స్లైడు తయారయ్యేది మనిషి చేతిలో. అది పాడైతే ఏఐకైనా, పెద్ద డాక్టరుకైనా చూడ్డానికి ఏమీ మిగలదు.

ఎఫ్ఎన్ఏసీనే తీసుకోండి. మెడ మీదో, రొమ్ములోనో గడ్డ ఉంటే డాక్టరు సన్నటి సూదితో (22 నుంచి 25 గేజి) కణాలు లాగుతారు. వచ్చేది చుక్కంత! అది స్లైడు మీద పడ్డాక చాలాచోట్ల పని టెక్నీషియన్‌ది. పరిచేటప్పుడు గట్టిగా నొక్కితే కణాలు చితికిపోతాయి, మందంగా వదిలేస్తే ఒకదాని మీద ఒకటి పడి కనబడవు. పాపనికొలావ్ స్టెయిన్‌కి వెళ్లే స్లైడుని తడి ఆరకముందే 95 శాతం ఆల్కహాల్‌లో ముంచాలి. సెకన్ల వ్యవహారం. గీమ్సా స్టెయిన్‌కైతే దీనికి పూర్తిగా ఉల్టా, గాలికి త్వరగా ఆరనివ్వాలి. పేరు, నంబరు పెన్సిల్‌తోనే రాయాలి; పెన్ను ఇంకు ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. పక్కన ఫార్మలిన్ సీసా మూత తీసి ఉంటే దాని ఆవిరి కూడా స్లైడుని చెడగొడుతుంది. ఇంత చిన్న విషయాలా అనిపిస్తుంది కదా? ఉద్యోగమంతా వీటిలోనే ఉంది.

థైరాయిడ్ విషయంలో బెథెస్డా పద్ధతి ప్రకారం సాధారణంగా కనీసం పదేసి కణాలున్న ఆరు గుంపులు కనబడాలి. లేదంటే రిపోర్టులో ‘నాన్ డయాగ్నస్టిక్’ అని వస్తుంది. అంటే మళ్లీ సూది. ఇక్కడి నుంచి విజయనగరమో, నెల్లిమర్ల మిమ్స్‌కో, విశాఖ కేజీహెచ్‌కో వెళ్లే కూలి మనిషికి మళ్లీ బస్సు ఛార్జీ, మళ్లీ ఒక రోజు కూలి పోవడం. ఆ గడ్డ క్యాన్సరే అయితే పోయేది రోజు కూలి ఒక్కటే కాదు.

అందుకే దీన్ని ‘రక్తం తీసే కోర్సు’ అని చులకన చేస్తే నాకు నచ్చదు. ప్రైవేటు ల్యాబుల్లో మొదటి జీతం తక్కువే, దాచను. అయితే విజయనగరంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. బోధనాసుపత్రి ఉన్నచోట సైటాలజీ పని ఉంటుంది, నేర్చుకునే వీలూ ఉంటుంది.

డీఎంఎల్‌టీ అయినా, బీఎస్సీ ఎంఎల్‌టీ అయినా ఫీజు కట్టేముందు అక్కడి సీనియర్లని ఒక్క మాట అడగండి: స్మియర్లు మీ చేత్తో చేయించారా, లేక దూరం నుంచి చూపించి రికార్డు రాయించేశారా?