పగడాలు లేని తీరం

పిల్లలూ! సముద్రం చూడటానికి ఈసారి మనం సంగం నుంచి బయలుదేరుదాం. నెల్లూరు జిల్లాలో పెన్న ఒడ్డున ఉన్న ఊరది. ఉపనదులు వచ్చి పెన్నలో కలిసే చోటు గనుక దానికా పేరు. 2022లో అక్కడ కొత్త బ్యారేజీ ప్రారంభమయింది. ఆ ఊళ్ళో సముద్రం లేదు గదా, అక్కడినుంచి ఎందుకు అంటారేమో! కొంచెం ఆగండి.

సంగం దాటిన పెన్న నెల్లూరు మీదుగా పోయి ఊటుకూరు దగ్గర సముద్రంలో పడుతుంది. దానికి దక్షిణంగా మైపాడు ఉంది. అక్కడ ఎంత దూరం నడిచినా పసుపుపచ్చని ఇసుకే. బొమ్మల్లో చూసే రంగురంగుల పగడపు దిబ్బ ఒక్కటి కూడా కనిపించదు. రామేశ్వరానికీ తూత్తుకుడికీ మధ్య ఉన్నాయి, అండమాన్‌లో ఉన్నాయి, లక్షద్వీపాలయితే పగడాల మీదే నిలిచి ఉన్నాయి. మనకు మాత్రం ఎందుకు లేవు?

పగడం రాయి కాదు, చెట్టూ కాదు. అది చిన్న జీవి కట్టుకున్న సున్నపు ఇల్లు. ఆ జీవి ఒంట్లో కంటికి కనిపించనంత చిన్న నాచు కాపురం ఉంటుంది. నాచు ఎండ సాయంతో ఆహారం తయారుచేసి, ఇంటి యజమానికి కూడా పెడుతుంది. అంటే పగడం బతకాలంటే నీటి అడుగుదాకా ఎండ దిగాలన్న మాట. వరద రోజుల్లో పెన్న నీళ్ళు ఒక గాజుగ్లాసులో పట్టి, దాని వెనక మీ వేలు పెట్టి చూడండి. వేలు కనిపించదు! కాసేపు కదపకుండా ఉంచితే అడుగున బురద పేరుకుంటుంది. అలాటి బురద మీద పడితే పగడాలకు ఊపిరాడదు. మంచినీళ్ళు ఎక్కువగా కలిసినా వాటికి గిట్టదు. పైగా ఇల్లు కట్టుకోవటానికి గట్టి పునాది కావాలి. కదిలే ఇసుకమీద ఎవరు కట్టగలరు?

కాని పెన్నను తిట్టకండి. నెల్లూరు వరిపొలాలు ఆ ఒండ్రు మీదనే పండుతున్నాయి. మైపాడు ఒడ్డును మేసే అలలకు ఇసుక అందించేవీ నదులే. ఆనకట్టల వెనక ఇసుక ఆగిపోయినకొద్దీ ఒడ్డుకు చేరేది తగ్గుతుంది.

పగడాలు లేకపోతేనేం, తీరం ఖాళీగా లేదు. పొద్దున్నే వెళ్ళి కదలకుండా కూర్చోండి. బొరియల్లోంచి పీతలు తొంగి చూస్తాయి. మీ నీడ కదిలిందా, మాయం! గవ్వలూ ఆలిచిప్పలూ కావలసినన్ని దొరుకుతాయి. ఒక చిప్పముక్కమీద నిమ్మరసం పోయండి, బుడగలు వస్తాయి. అదీ పగడంలాగే సున్నం. వెనక గోడలకు వాడిన గుల్లసున్నం ఈ గుల్లలను కాల్చి చేసిందే.

గవ్వలు ఏరేముందు లోపలికి చూడండి. చిన్నప్పుడు నేను చూడలేదు. అందమైన గుల్ల ఒకటి జేబులో వేసుకుని ఇంటికి తెచ్చి కిటికీలో పెట్టాను. రాత్రి అది టకటకమని నడిచింది. లోపల సన్యాసి పీత! దానికి స్వంత డొప్ప లేదు, ఖాళీ గుల్లలు వెతుక్కుని అద్దెకు దిగుతుంది. తెల్లవారి సముద్రానికి తీసుకుపోదామంటే మా ఊరినుంచి అది చాలా దూరం. రెండోరోజుకు చచ్చిపోయింది. గుల్ల మాత్రం చాలా ఏళ్ళు నా దగ్గరే ఉంది, కాని దాన్ని ఎవరికీ చూపించలేదు.

జనవరి నుంచి మార్చి దాకా రాత్రిళ్ళు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఈ ఒడ్డెక్కి, ఇసుకలో గుంట తవ్వి, సుమారు నూరు గుడ్లు పెట్టి వెళతాయి. పొదిగేది ఇసుక వేడే. ఆ వేడి ఎక్కువైతే ఆడపిల్లలు ఎక్కువ పుడతాయి. నలభై అయిదు, అరవై రోజుల మధ్య పిల్లలు బయటికి వస్తాయి. ఎటు వెలుతురు ఎక్కువగా ఉంటే అటే సముద్రమని అవి నమ్ముతాయి. ఒడ్డున పెద్ద దీపం వెలుగుతుంటే పాపం, అటే పాకి కుక్కలకూ కాకులకూ చిక్కుతాయి.

మీరు నాన్నగారితో వెళ్ళినప్పుడు అవి కనిపిస్తే చేత్తో తీయకండి. టార్చి ఆర్పేసి, దారి వదిలి, ఒక పక్కన నిలబడండి.