దుర్గం చెరువులో ఎవరి వాటా ఎంత?

2020 సెప్టెంబర్ 25న దుర్గం చెరువుపై తీగల వంతెన ప్రారంభమైంది. ఖర్చు 184 కోట్ల రూపాయలు. జూబ్లీహిల్స్‌ను మాదాపూర్‌తో కలిపేందుకు కట్టిన వంతెన రోజుల్లోనే పర్యాటక స్థలమైపోయింది. సందర్శకుల తాకిడికి మొదట్లో వారాంతాల్లో వాహనాలనే నిలిపివేయవలసి వచ్చింది. చూడవచ్చేవారు, దాటిపోవాలనుకునేవారు, చుట్టుపక్కల ఫ్లాట్ల యజమానులు, ఒడ్డు సుందరీకరణకు సామాజిక బాధ్యత నిధులిచ్చిన స్థిరాస్తి సంస్థ. ప్రణాళికా నిపుణులు 'భాగస్వామ్య పక్షాలు' అన్నప్పుడు వారి మనసులో మెదిలేది వీరే. ఈ జాబితాలో కులం కనిపించదు.

కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు నీరిచ్చిన చెరువిది. తెలంగాణలో చెరువు ప్రకృతి దృశ్యంగా పుట్టలేదు, శ్రమగా పుట్టింది. రాయి కొట్టి కట్ట పోసింది వడ్డెరలు. చేపలు పట్టింది ముదిరాజులు, గంగపుత్రులు. రేవున బట్టలుతికింది రజకులు. తూమెత్తి పొలాలకు నీరు పంచిన నీరటికాడు చాలా ఊళ్లలో దళితుడు. ఊరందరి నీటికీ కాపలా కాసిన ఆ మనిషికి ఊరి బావిలో చేద వేసే హక్కు లేదు. ఆ వ్యవస్థను తలచుకుని మురిసిపోవలసిన పని లేదు. అయితే అందులో చెరువు మీద ఆధారపడినవారికి ఎంత అన్యాయమైనదైనా ఒక వాటా ఉండేది. ఐటీ కారిడార్ వాటాను తీసేసింది, కులాన్ని తీసేయలేదు.

2024 ఆగస్టులో దుర్గం చెరువు పూర్తి నీటిమట్టం పరిధిలో ఉన్న సంపన్న కాలనీల ఇళ్లకు నోటీసులు అంటించి 30 రోజుల గడువిచ్చారు. సెప్టెంబర్ 8న, అదే మాదాపూర్‌లోని సున్నం చెరువు వద్ద రేకుల షెడ్లను హైడ్రా యంత్రాలు కూల్చాయి. పెద్దలను అసలు తాకలేదని అనను, తమ్మిడికుంటలో సినీ నటుడి కన్వెన్షన్ హాలూ నేలమట్టమైంది. కానీ గడువు, న్యాయవాది, వార్తాపత్రికలో చోటు ఎవరికి దొరుకుతాయో మనకు తెలియనిది కాదు.

అదే ఏడాది జనవరిలో రద్దీ పేరిట పోలీసులు మూయించిన ఒక వీధి భోజనశాల సామాజిక మాధ్యమాల పుణ్యమా అని ముఖ్యమంత్రి జోక్యంతో తెరుచుకుంది. సంతోషమే. వీడియోలకెక్కని బండ్లవారి సంగతేమిటి? ఒకరికి దక్కిన దయ వేలమందికి హక్కు కాలేదు.

హక్కు చట్టంలో ఉంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వ్యాపారులే ఎన్నుకున్న వ్యాపారులు కావాలి. వారిలో మూడోవంతు మహిళలుండాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మైనారిటీలకు, వికలాంగులకు తగిన ప్రాతినిధ్యం దక్కాలి. పర్యాటక ప్రణాళికలకు ఇలాంటి నిబంధన ఎందుకుండకూడదు? అందరినీ పిలిచామని ఒక హోటల్ హాలులో ఇంగ్లీషు స్లయిడ్లు చూపడం సంప్రదింపు కాదు. మత్స్య సహకార సంఘాలు, బండ్లవారు, పారిశుద్ధ్య కార్మికులు తాము ఎన్నుకున్న ప్రతినిధులతో, ఓటు హక్కుతో కూర్చునే కమిటీ ప్రతి చెరువుకూ కావాలి. దుర్గం చెరువు తదుపరి పథకం ముసాయిదా తెలుగులో, ఉర్దూలో ఆ కమిటీ ముందుకు రావాలి, టెండరు పిలిచాక కాదు, పిలవకముందే.